జుట్టు కోసం మింగే మాత్ర: బలమెంత, భయమెంత

ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం సాఫీగా రాని పెద్దవయసు మగవాళ్లకు డాక్టర్లు 5 మిల్లీగ్రాముల ఫినాస్టరైడ్ మాత్ర రాస్తారు. అదే మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకుని, రోజుకో ముక్క చొప్పున మింగే పాతికేళ్ల కుర్రవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. జుట్టు కోసమని విడిగా అమ్మే 1 మిల్లీగ్రాము మాత్ర కన్నా ఆ ముక్క చవకగా పడుతుంది. రసాయనం ఒక్కటే, ఒంట్లో అది చేసే పనీ ఒక్కటే. మింగే మనుషులు మాత్రం వేరు. ఒకాయనకు డెబ్బై ఏళ్లు, రాత్రికి నాలుగుసార్లు లేవాల్సిన బాధ. ఇంకొకతనికి ఒంట్లో ఏ జబ్బూ లేదు. ముందు పెళ్లి ఉంది, పిల్లలున్నారు, మానకుండా వేసుకుంటే ముప్పై నలభై ఏళ్ల మాత్రలున్నాయి. బట్టతలకు నోటి మందులు పనిచేస్తాయా, వాటివల్ల హాని ఉందా అని అడిగే ప్రతిసారీ ఈ రెండో మనిషిని కళ్లముందు ఉంచుకోవాలి. ఈ విషయంలో జరిగిన పొరపాట్లు చాలావరకు అతన్ని మరిచిపోవడం వల్ల జరిగినవేనని నా నమ్మకం.

ముందు ఏ జుట్టు రాలుడు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తరవాత రెండుమూడు వారాల్లో దాని కుదురు కుంచించుకుంటుంది, ఇంకో మూడు నెలలు ఊరికే ఉండి ఆ వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురులో కొత్తది పుడుతుంది. ఆ లెక్కన రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. టైఫాయిడో డెంగీయో వచ్చి తగ్గిన రెండుమూడు నెలలకు, కాన్పయిన మూడు నాలుగు నెలలకు దువ్వెన నిండా జుట్టు ఊడివస్తుంది. జ్వరం ధాటికో, కాన్పు తరవాత హార్మోన్లు మారడం వల్లో చాలా కుదుళ్లు ఒక్కసారే విశ్రాంతిలోకి జారుకుంటాయి. కుదుళ్లకు దెబ్బ తగలదు కాబట్టి కొన్ని నెలల్లో జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది. ఒంట్లో ఇనుము తక్కువైనా, థైరాయిడ్ గాడి తప్పినా జుట్టు పలచబడుతుంది. ఆ లోటు తీరిస్తే సరిపోతుంది. ఇలాంటివాళ్లెవరికీ ఫినాస్టరైడ్‌తో పని లేదు. మందుల షాపులో బయోటిన్ గోళీలు కొని మింగేవాళ్లకు కూడా, నిజంగా ఆ విటమిన్ లోటు ఉంటే తప్ప, వాటివల్ల జుట్టుకు ఒరిగేది ఉందని సరైన ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో బయోటిన్ తీసుకుంటే గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష తప్పుడు ఫలితం చూపవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

బట్టతల సంగతి వేరు. అందులో కుదురు ఒక్కసారిగా చచ్చిపోదు, చిక్కిపోతుంది. ప్రతి చక్రంలోనూ పెరిగే కాలం తగ్గుతుంది, వెంట్రుక సన్నబడుతుంది. చివరికి నూగు మాత్రమే మిగులుతుంది. తిరుమల కొండమీద గుండు చేయించిన పిల్లవాడికి జుట్టు ఒత్తుగా వస్తుందని మన ఇళ్లలో అనుకుంటాం. మంగలి కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే తీస్తుంది. చర్మం కింద ఉన్న కుదురు ఎంత లావుగా ఉంటే వెంట్రుక అంతే లావుగా వస్తుంది. బట్టతలను ఆపాలంటే మందు చేరాల్సింది ఆ కిందికే.

మగ హార్మోనుకూ బట్టతలకూ సంబంధం ఉందన్న అనుమానం పాతదే. నపుంసకులకు బట్టతల రాదని ప్రాచీన గ్రీకు వైద్యులు గమనించారు. దాన్ని శాస్త్రీయంగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన జేమ్స్ హామిల్టన్. యవ్వనానికి ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రాలేదనీ, వాళ్లలో బట్టతల వంశాలకు చెందినవాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే జుట్టు రాలడం మొదలైందనీ 1942లో ఆయన చూపించాడు. అంటే వంశం ఒక్కటే చాలదు, హార్మోను ఒక్కటే చాలదు, రెండూ కలవాలి.

తరవాతి మలుపు డొమినికన్ రిపబ్లిక్‌లోని లాస్ సాలినాస్ అనే పల్లెలో వచ్చింది. అక్కడ కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లలుగా పెరిగిన కొందరు పన్నెండు పదమూడేళ్ల వయసులో మగపిల్లలుగా మారేవాళ్లు. కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అక్కడికి వెళ్లి పరిశీలించి 1974లో కారణం ప్రకటించింది. వాళ్ల ఒంట్లో 5-ఆల్ఫా రిడక్టేస్ అనే ఎంజైమ్ పనిచేయదు. టెస్టోస్టెరాన్‌ను మరింత చురుకైన డీహెచ్‌టీగా మార్చేది ఆ ఎంజైమే. కడుపులో ఉన్నప్పుడు డీహెచ్‌టీ లేక బిడ్డ జననాంగాలు మగవాడి రూపు దాల్చవు. యవ్వనంలో టెస్టోస్టెరాన్ ఉప్పెనలా వచ్చినప్పుడు ఆ లోటు కొంత తీరుతుంది. పెద్దయ్యాక వాళ్లు బలంగా, కండపుష్టితో ఉంటారు. కానీ ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండిపోతుంది, గడ్డం పలచగా ఉంటుంది, బట్టతల రాదు.

మెర్క్ కంపెనీ పరిశోధన విభాగానికి అప్పట్లో అధిపతిగా ఉన్న రాయ్ వాజిలోస్ దృష్టి ఈ వార్త మీద పడింది. పుట్టుకతో కొందరికి లేని ఆ ఎంజైమ్‌ను పెద్దవాళ్లలో మందుతో అడ్డుకుంటే ప్రోస్టేట్ వాపు తగ్గాలి కదా అన్నది ఆలోచన. అలా తయారైన ఫినాస్టరైడ్‌ను 5 మిల్లీగ్రాముల మోతాదులో ప్రోస్కార్ పేరుతో 1992లోనూ, 1 మిల్లీగ్రాము మోతాదులో ప్రొపీషియా పేరుతో బట్టతల కోసం 1997 డిసెంబరులోనూ ఎఫ్‌డీఏ ఆమోదించింది. పేటెంట్ గడువు తీరాక 2006లో మెర్క్‌తో ఒప్పందం కుదుర్చుకుని ప్రోస్కార్ జెనరిక్ మాత్రను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. ఒక కరేబియన్ పల్లెలో బయటపడిన జన్యులోపం ఈనాడు తెలుగువాళ్లు ఉద్యోగాలు చేసే మందుల కర్మాగారాల దాకా ప్రయాణించింది.

మాత్ర పనిచేస్తుందా? పనిచేస్తుంది. బట్టతలకు మందుల పేరుతో అమ్ముడవుతున్న వేలాది నూనెలు, లేపనాలు, గోళీల మధ్య ఈ మాట గట్టిగా చెప్పగలిగినవి చాలా కొద్ది. 1998లో వెలువడిన ప్రధాన పరీక్షలో 18 నుంచి 41 ఏళ్ల మధ్య ఉన్న 1,553 మంది మగవాళ్లు పాల్గొన్నారు. కొందరికి ఫినాస్టరైడ్, కొందరికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది వేసుకుంటున్నారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. నడినెత్తిన అంగుళం వ్యాసం గల వృత్తం గీసి అందులో వెంట్రుకలు లెక్కపెట్టారు. మొదట్లో సగటున 876 ఉన్నాయి. ఏడాది తరవాత మందు వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ మధ్య తేడా 107 వెంట్రుకలు. రెండేళ్లకు 138. రెండేళ్లు తిరిగేసరికి మందు వాడినవాళ్లలో 83 శాతం మందికి వెంట్రుకల లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అలా నిలిచింది 28 శాతం మందికే.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 876లో 138 అంటే ఆరో వంతు కన్నా తక్కువ. అందులోనూ కొంత మందు వాడనివాళ్లకు రాలిపోవడం వల్ల వచ్చిన తేడా. ప్రకటనల్లో చూపించే గుబురు జుట్టు ఆ లెక్కలో లేదు. పరీక్షను ఐదేళ్లకు పొడిగించినప్పుడు మందు వాడినవాళ్లలో 65 శాతం మందికి మొదటి లెక్క నిలిచింది లేదా పెరిగింది, వాడనివాళ్లందరికీ తగ్గింది. ఐదో ఏట రెండు గుంపుల మధ్య తేడా 277 వెంట్రుకలకు చేరింది. ఇన్నేళ్లూ ఉత్తుత్తి మాత్ర మీదే నిలబడినవాళ్లు కొద్దిమందే కాబట్టి ఈ ఐదేళ్ల అంకెకు మొదటి రెండేళ్ల అంకెలంత గట్టిదనం లేదు. కానీ దిశ స్పష్టం. ఈ మాత్ర చేసే అసలు పని ఉన్నదాన్ని నిలపడం. కొత్తగా మొలిపించడం దానికి కొసరు. అందుకే నెత్తి నున్నగా అయ్యాక మొదలుపెట్టేవాళ్ల కన్నా, పలచబడుతున్న దశలో మొదలుపెట్టేవాళ్లకు మేలెక్కువ. నడినెత్తిన పనిచేసినంతగా నుదుటి దగ్గర పనిచేయదు. ఫలితం కంటికి కనిపించడానికి ఆరునెలల నుంచి ఏడాది పడుతుంది. మానేస్తే ఏడాదిలోపు ఆ లాభమంతా కరిగిపోతుంది. మొదటి మాత్ర వేసుకునే రోజున ఏళ్ల తరబడి సాగే ఒప్పందం మీద సంతకం పెడుతున్నామని ఆ కుర్రవాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక హాని విషయం. ఈ మాత్ర రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. ఆ హార్మోను పనిచేసేది తలమీదే కాదు. అదే 1998 పరీక్షలో లైంగిక వాంఛ తగ్గడం, అంగస్తంభన లోపం, స్ఖలనంలో తేడాలు కలిపి మందు వాడినవాళ్లలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2.1 శాతం మందికి కనిపించాయి. తేడా 1.7 శాతం, అంటే సుమారు 60 మందిలో ఒకరికి మందు వల్లే ఆ ఇబ్బంది వచ్చిందని అనుకోవాలి. చాలామందికి మందు ఆపగానే తగ్గింది. కొందరికి వాడుతుండగానే తగ్గింది.

మనసు కూడా ఇందులో పాత్ర వహిస్తుందనడానికి బలమైన ఆధారం ఇటలీ నుంచి 2007లో వచ్చింది. ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లందరికీ 5 మిల్లీగ్రాముల ఫినాస్టరైడే ఇచ్చి, సగం మందికి లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పారు, మిగతా సగానికి చెప్పలేదు. ఏడాది తరవాత చెప్పినవాళ్లలో 43.6 శాతం, చెప్పనివాళ్లలో 15.3 శాతం ఇబ్బందులు చెప్పారు. అంటే భయమే కొంత హాని చేస్తుంది. ఈ పరీక్షను పట్టుకుని, దుష్ప్రభావాలన్నీ ఊహలేనని తీసిపారేసే డాక్టర్లున్నారు. అది తప్పు. చెప్పనివాళ్లలోనూ ఇబ్బందులు వచ్చాయి కదా. రోగికి నిజం దాచడం వైద్యం కాదు. భయపెట్టకుండా నిజం చెప్పే నేర్పు డాక్టరుకు ఉండాలి.

అసలు వివాదం ఇంకో చోట ఉంది. మందు మానేసిన నెలలు, ఏళ్ల తరవాత కూడా లైంగిక సమస్యలు పోలేదనీ, దిగులు, మతిమరుపు, నిద్రలేమి వెంటాడుతున్నాయనీ చెప్పినవాళ్లు క్రమంగా పెరిగారు. వాళ్లు చెప్పేదాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2012లో ఎఫ్‌డీఏ మాత్రల డబ్బా మీది సమాచారంలో, మందు ఆపాక కూడా కొనసాగిన లైంగిక సమస్యల ఫిర్యాదులను చేర్పించింది. 2017లో బాధితుల సంస్థ ఒకటి ఈ మందును మార్కెట్ నుంచి తొలగించాలని అర్జీ పెట్టింది. 2022లో ఎఫ్‌డీఏ తొలగింపును నిరాకరించింది గానీ, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాల గురించి డబ్బాతో ఇచ్చే సమాచారంలో రాయమంది. 2025 మేలో యూరప్ ఔషధ సంస్థ నిపుణుల కమిటీ మరో అడుగు ముందుకు వేసి, ఆత్మహత్య ఆలోచన ఫినాస్టరైడ్ మాత్రల దుష్ప్రభావమేనని నిర్ధారించింది. మందుతో సంబంధం ఉండవచ్చని తేలిన 313 ఫినాస్టరైడ్ కేసులను ఆ కమిటీ చూసింది. వాటిలో అత్యధికం బట్టతల కోసం వాడినవాళ్లవే. వాడకం లెక్క చూస్తే, ఒక మనిషి ఏడాది వాడితే ఒకటి అనుకుంటే, ఫినాస్టరైడ్‌ది సుమారు 27 కోట్లు.

27 కోట్లలో 313 అంటే లెక్కలోకి రానంత తక్కువ కదా అనిపిస్తుంది. ఆ అంకె అలా వాడటానికి పనికిరాదు. దుష్ప్రభావం వచ్చిన ప్రతివాడూ ఫిర్యాదు చేయడు. మనసు కుంగిపోయినవాడు అది మాత్ర వల్లేమోనని అనుమానించడు కూడా; జుట్టు పోతోందన్న దిగులే అనుకుంటాడు, ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. అందుకే ఎంత తరచుగా వస్తుందన్న చోట ఆ కమిటీ ఏ అంకే వేయలేదు. రెండోవైపు కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గరున్న దుష్ప్రభావాల నివేదికలను విశ్లేషించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వింత తేలింది. ఆత్మహత్య ఆలోచనల ఫిర్యాదులు చిన్నవయసువాళ్లలో, బట్టతలకు వాడినవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ మోతాదు మింగే ప్రోస్టేట్ రోగుల్లో అలా కనిపించలేదు. పైగా 2012 తరవాతే, అంటే పత్రికల్లో ఈ విషయం హోరెత్తాకే, ఫిర్యాదులు పెరిగాయి. భయం, ప్రచారం ఈ నివేదికలను కొంత పెంచి ఉండవచ్చు. అలాగని కొట్టిపారేయడానికి లేదు. పెద్దవాళ్ల ఒంట్లో డీహెచ్‌టీ ఎలాగూ అంత కీలకం కాకపోవచ్చు. యువకుడి మెదడు వేరుగా స్పందించవచ్చు.

మెదడు మాట ఊరికే అనలేదు. 5-ఆల్ఫా రిడక్టేస్ డీహెచ్‌టీని మాత్రమే తయారుచేయదు. మెదడులో ప్రొజెస్టెరాన్ నుంచి అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం తయారవడానికీ అదే ఎంజైమ్ కావాలి. నరాల ఉద్రేకాన్ని శాంతపరచే పదార్థమది. కాన్పు తరవాత వచ్చే తీవ్రమైన కుంగుబాటుకు 2019లో ఎఫ్‌డీఏ ఆమోదించిన బ్రెక్సనోలోన్ అనే మందు అచ్చంగా ఇదే అల్లోప్రెగ్ననోలోన్. ఇస్తే దిగులు తగ్గించే పదార్థం తయారీని అడ్డుకుంటే దిగులు రావచ్చన్నది ఊహకు అందని సంగతి కాదు. రుజువు కావడానికి మాత్రం ఇది చాలదు. యువకుల్లో మనసు స్థితిని మొదటి రోజు నుంచీ కొలుస్తూ, ఉత్తుత్తి మాత్రతో పోలుస్తూ, ఏళ్ల తరబడి సాగే పెద్ద పరీక్ష జరగాలి. పాతికేళ్లకు పైగా కోట్ల మంది మింగిన మాత్రకు ఇంకా అలాంటి పరీక్ష కోసం అడగాల్సి రావడం నన్ను బాధపెడుతుంది.

కొన్ని ప్రమాదాల మీద మాత్రం వివాదం లేదు. గర్భిణి ఈ మందు తీసుకోకూడదు. పగిలిన, ముక్కలు చేసిన మాత్రను ముట్టుకోకూడదు కూడా. కడుపులోని మగబిడ్డ జననాంగాలు రూపుదిద్దుకునే వారాల్లో డీహెచ్‌టీ కావాలి. లాస్ సాలినాస్ పిల్లలకు జన్యువుల వల్ల జరిగింది ఇక్కడ మందు వల్ల జరగవచ్చు. మాత్ర పైపూత గట్టిగా ఉంటే తాకినా ఫరవాలేదు. బ్లేడుతో కోస్తే ఆ పూత పోతుంది, పొడి బల్లమీద పడుతుంది. కొత్తగా పెళ్లయిన ఇంట్లో నాలుగు ముక్కల పద్ధతి అందుకే మంచిది కాదు. ఇదే కారణంతో అమెరికాలో ఫినాస్టరైడ్ ఆపిన నెలదాకా రక్తదానం చేయనివ్వరు. ఆ రక్తం గర్భిణికి ఎక్కవచ్చు. కొందరిలో వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది, మానేస్తే కోలుకుంటుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దంపతులకు పరీక్షలు చేసే డాక్టరు ఈ మాత్ర గురించి అడగకపోతే, చెప్పాల్సిన బాధ్యత వేసుకుంటున్న మనిషిదే.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టడానికి చేసే పీఎస్ఏ పరీక్షలో కూడా ఈ మాత్ర చొరబడుతుంది. ఆ అంకెను దాదాపు సగానికి తగ్గించేస్తుంది. ఇరవై ఏళ్లుగా మాత్ర వేసుకుంటున్న యాభై ఏళ్ల మనిషికి పీఎస్ఏ 3 వస్తే, దాన్ని 6గా చదవాలి. అతను చెప్పకపోతే ఆ ముప్పు మామూలుగా కనిపిస్తుంది. క్రీడల్లోనూ ఇలాంటిదే జరిగింది. స్టెరాయిడ్ల జాడను మరుగుపరుస్తుందని ఫినాస్టరైడ్‌ను కొన్నేళ్లు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. జుట్టు కోసం వాడిన అమెరికా స్కెలిటన్ క్రీడాకారుడు జాక్ లండ్ 2006 ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. బ్రెజిల్ ఫుట్‌బాల్ దిగ్గజం రొమారియో 2007లో పరీక్షలో దొరికాడు. 2009 నుంచి ఆ నిషేధం లేదు.

డ్యూటాస్టరైడ్ ఇంకా గట్టి మందు. ఎంజైమ్ రెండు రకాలనూ అడ్డుకుని డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. జుట్టుకు దీన్ని దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో ఆమోదించాయి. అమెరికాలో ఇప్పటికీ ప్రోస్టేట్‌కే. ఫినాస్టరైడ్ కొన్ని గంటల్లో రక్తంలో సగమైపోతే, ఇది సగం కావడానికి సుమారు ఐదు వారాలు పడుతుంది. ఇబ్బంది వచ్చి మానేసినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. మొదటి మందుగా దీన్ని రాయడం నాకు సమంజసంగా తోచదు.

మినాక్సిడిల్ కథ తీరే వేరు. అప్‌జాన్ కంపెనీ దీన్ని బీపీ మందుగా తయారుచేసింది. కొలరాడో విశ్వవిద్యాలయంలో చార్ల్స్ చిడ్సీ తీవ్రమైన బీపీ ఉన్నవాళ్లకు ఇచ్చి చూస్తుంటే ఒంటి నిండా వెంట్రుకలు మొలిచాయి. అక్కడే ఉన్న చర్మవైద్యుడు గ్వింటర్ కాన్, ఆయన సహచరుడు పాల్ గ్రాంట్ ఆ మందును పూతగా చేసి తమ చేతుల మీదే రాసుకుని చూశారు. 1979లో మాత్రగా బీపీకి, 1988లో 2 శాతం పూతగా జుట్టుకు ఆమోదం దొరికింది. మాత్ర మీద మాత్రం కఠినమైన హెచ్చరిక ఉంది: గుండె చుట్టూ నీరు చేరవచ్చు, గుండెనొప్పి పెరగవచ్చు. రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతే, గుండె వేగం పెంచుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. కాళ్ల వాపులు, దడ అలా వస్తాయి.

ఇన్నేళ్లు పక్కన పెట్టిన ఆ మాత్ర చిన్న మోతాదులో మళ్లీ ఎందుకు వచ్చిందంటే, పూత రాయడం విసుగు. రోజుకు రెండుసార్లు జిడ్డు పూసుకోవడం, దురద, దిండుకు అంటడం భరించలేక చాలామంది మానేస్తారు. పైగా మినాక్సిడిల్ నేరుగా పనిచేయదు. కుదురులో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని సల్ఫేట్ రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ల మీద పూత పెద్దగా పనిచేయదు. బీపీకి రోజుకు 10 నుంచి 40 మిల్లీగ్రాములు ఇస్తే, జుట్టుకు పావు మిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల దాకా ఇస్తున్నారు. మెల్‌బోర్న్‌లో రాడ్నీ సింక్లెయిర్ 2018లో 100 మంది ఆడవాళ్ల మీద పావు మిల్లీగ్రాము మోతాదు ఫలితాలు ప్రచురించాక దీనికి ఊపు వచ్చింది. అయితే జుట్టు కోసం మినాక్సిడిల్ మాత్రకు ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. డాక్టరు తన విచక్షణ మీద రాస్తున్నాడు.

2021లో ప్రచురించిన 1,404 మంది రోగుల వివరాల ప్రకారం 15.1 శాతం మందికి అనవసరమైన చోట వెంట్రుకలు మొలిచాయి. తల తిరగడం 1.7 శాతం, నీరు పట్టడం 1.3 శాతం, దడ 0.9 శాతం. ప్రాణాపాయం ఎవరికీ కలగలేదు. ఇది ఊరటనిచ్చే లెక్క. కానీ ఇది డాక్టర్లు తమ రోగుల రికార్డులు వెనక్కి తిరగేసి తీసిన లెక్క. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు. బ్రెజిల్‌లో 2024లో వెలువడిన పరీక్షలో 90 మంది మగవాళ్లకు 24 వారాలు రోజూ 5 మిల్లీగ్రాముల మాత్ర గానీ, రోజుకు రెండుసార్లు 5 శాతం పూత గానీ ఇచ్చారు. వెంట్రుకల లెక్కలో మాత్ర పూతను మించలేదు. మాత్ర వేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఒంటిమీద వెంట్రుకలు పెరిగాయి. అంటే మాత్ర పూత కన్నా గొప్పదని కాదు, పూత రాయలేనివాళ్లకు ప్రత్యామ్నాయమని చెప్పుకోవాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, ఇప్పటికే బీపీ మందులు వాడేవాళ్లు గుండె డాక్టరుకు చూపించకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

మోతాదు తప్పితే ఈ మందు ఏం చేస్తుందో స్పెయిన్‌లో పసిపిల్లలు చూపించారు. 2019లో కడుపులో మంట తగ్గించే ఒమెప్రజోల్ అనుకుని ఇచ్చిన ద్రవంలో మినాక్సిడిల్ ఉండటంతో పదిహేను మందికి పైగా పిల్లలకు నుదురు, బుగ్గలు, చేతులు వెంట్రుకలతో నిండిపోయాయి. ముడిపదార్థం లేబుల్ మారిపోవడం కారణం. ఆపాక తగ్గింది. మందును చేతికందినంత కొలిచి వేసుకునేవాళ్లు ఈ ఘటనను గుర్తు పెట్టుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో ఫినాస్టరైడ్ ఆశపెట్టి నిరాశపరచింది. నెలసరి ఆగిపోయిన 137 మంది మీద ఏడాదిపాటు 1 మిల్లీగ్రాముతో జరిపిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. గర్భం దాల్చే వయసులో ఉన్నవాళ్లకు దాని ముప్పు చెప్పనే చెప్పాను. స్పైరనోలాక్టోన్ కొందరికి ఇస్తారు. అది కూడా మగబిడ్డకు హానిచేయగలది, పొటాషియం పెంచగలది. పాపిడి వెడల్పవుతున్న ఆడవాళ్లలో ముందు రక్తహీనత, థైరాయిడ్, అండాశయాల తిత్తులు చూడాలి.

పేనుకొరుకుడుకు వచ్చిన కొత్త మాత్రల గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. తలమీద గుండ్రంగా జుట్టు పోతే పేను కొరికిందని మన పెద్దలు పేరు పెట్టారు. కొరికేది పేను కాదు; సొంత రోగనిరోధక కణాలే కుదుళ్ల మీద దాడి చేస్తాయి. ఆ దాడికి పురిగొల్పే సంకేతాలను ఆపే బారిసిటినిబ్ మాత్రను 2022 జూన్‌లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. సగానికి పైగా తల బోడి అయి 4 మిల్లీగ్రాముల మోతాదు వాడినవాళ్లలో 36 వారాలకు 38.8, 35.9 శాతం మందికి (రెండు పరీక్షల్లో) నెత్తిమీద ఐదింట నాలుగు వంతులు జుట్టు నిండింది. ఉత్తుత్తి మాత్రతో అది 6.2, 3.3 శాతమే. బట్టతల మందుల్లో ఎక్కడా కనిపించని ఫలితమిది. దానికి తగ్గట్టే ముప్పూ పెద్దది: తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, క్యాన్సర్ల గురించి డబ్బామీద కఠిన హెచ్చరిక ఉంది. క్షయ ఒంట్లో నిద్రాణంగా ఉన్నవాళ్లు ఎక్కువగా ఉన్న మన దేశంలో దానికి పరీక్ష చేయకుండా ఈ మాత్ర మొదలుపెట్టడం ప్రమాదం. మామూలు బట్టతలకు ఇది పనికిరాదు.

మళ్లీ ఆ పాతికేళ్ల కుర్రవాడి దగ్గరకు వద్దాం. అతనికి ఫినాస్టరైడ్ రాయొద్దని నేను అనను. జుట్టు పోవడం వల్ల కలిగే వేదన చిన్నది కాదు. పెళ్లిచూపుల్లో, ఉద్యోగంలో, అద్దంలో ఆ కుర్రవాడు రోజూ దాన్ని మోస్తాడు. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లకు అది తెలియదు. కానీ రాసేముందు డాక్టరు అతని నెత్తితో పాటు మనసునూ చూడాలి. ఎప్పుడైనా కుంగుబాటు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగాలి. ఒకే వెలుగులో, ఒకే కోణంలో ఫోటో తీయాలి. ఏడాది తరవాత జ్ఞాపకం మీద కాక ఫోటో మీద నిర్ణయించాలి. మూడు నెలలకోసారి పలకరించాలి. మన దగ్గర ఇది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. చీటీ లేకుండా కౌంటరు మీద ఇచ్చేస్తే ఈ ప్రశ్నలు అడిగేవాళ్లే ఉండరు.

ఇంకొకటి. చాలామంది ఈ మాత్రను ఎవరికీ తెలియకుండా వేసుకుంటారు. మనిషి కుంగిపోతుంటే అది ముందు అతనికి తెలియదు, పక్కవాళ్లకు తెలుస్తుంది. అమ్మకో, భార్యకో, గదిలో ఉండే స్నేహితుడికో ఈ సంగతి తెలిసి ఉండాలి. బ్రిటన్ ఔషధ సంస్థ 2024లో ఫినాస్టరైడ్ డబ్బాలో రోగి కోసం ఒక హెచ్చరిక కార్డు పెట్టాలని నిర్ణయించింది. తెలుగులో అలాంటిది ముద్రించడానికి పెద్ద ఖర్చు కాదు. మనసు కుంగినట్టనిపిస్తే వెంటనే మాత్ర ఆపి డాక్టరును కలవమని, లైంగిక ఇబ్బంది వస్తే సిగ్గుపడకుండా చెప్పమని, గర్భిణి ఉన్న ఇంట్లో మాత్రను ముక్కలు చేయవద్దని, పీఎస్ఏ పరీక్షకు వెళ్లినప్పుడు ఈ మందు పేరు చెప్పమని నాలుగు వాక్యాలు పడితే చాలు. మందు తయారయ్యే ఊళ్లోనే ఆ కార్డూ అచ్చవ్వగలదు.